అమ్మ అడిగిన ఫోను

మా అమ్మాయి కాలేజీలో ఏదో పోటీ పెట్టారు. "రాబోయే తరం చేతిఫోనులో మీరు కోరుకునే మార్పులేమిటి?" అన్నది విషయం. ఇంట్లోవాళ్ళనీ ఇరుగుపొరుగునీ అడిగి పట్టిక రాసుకు రమ్మన్నారట. స్క్రీను, బ్యాటరీ, కెమెరా, భద్రత అంటూ గళ్ళు గీసుకుని, ఆదివారం పొద్దున్నే కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చేసింది.

కోరికలకు మా వికారాబాదులో మాత్రం కరువేముంది? మావారు "వారానికోసారి ఛార్జింగు పెడితే చాలనిపించాలి" అన్నారు. మా అబ్బాయి అనంతగిరి కొండమీద మంచులో కూడా ఫోటోలు స్పష్టంగా రావాలన్నాడు. "మంచు చూడ్డానికే కదరా కొండెక్కేది, ఆ మంచే లేకుండా ఫోటో ఎందుకు?" అన్నాను. నవ్వేసి వెళ్ళిపోయాడు. నా కోరిక చిన్నది. నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో ఫోను చెప్పాలి.

కింది వాటాలో రిటైరైన తెలుగు మాస్టారున్నారు. ఫోనుకి ముందు తెలుగు బాగా నేర్పమన్నారు. అన్నట్టు, 2018 ఫిబ్రవరిలో ఓ తమాషా జరిగింది, గుర్తుందా? 'జ్ఞా' అన్న మన అక్షరాన్ని ఒక రకంగా కూర్చి పంపితే, అంతంత ఖరీదు పెట్టి కొన్న ఐఫోన్లలో మెసేజీలు చూసే యాప్‌లు చతికిలపడిపోయేవి. కొద్దిరోజుల్లోనే ఆపిల్ కంపెనీవాళ్ళు దాన్ని సరిచేశారనుకోండి. "జ్ఞానాన్ని తట్టుకోలేకపోయిందమ్మా పాపం" అని మాస్టారు ఇప్పటికీ నవ్వుతారు. అజ్ఞానంలోనూ ఉన్నది ఆ అక్షరమే కదా అని నేను మనసులో అనుకుంటాను, పైకి అనను.

పక్కింటి అక్కయ్య కోరిక మాత్రం నవ్వులాట కాదు. పొద్దుపోయాక డ్యూటీ నుంచి ఒంటరిగా వస్తుంది ఆవిడ. "ఆపదొస్తే నంబరు వెతుక్కోకుండా సాయం అందాలి" అంది. "అది ఉందిగా ఆంటీ!" అంది మా అమ్మాయి. మన దేశంలో 2017 నుంచి అమ్మే కొత్త ఫోన్లకు ఆపద మీట ఉండి తీరాలని ప్రభుత్వం నిబంధన పెట్టింది. చాలా ఫోన్లలో పవర్ మీటని గబగబా కొన్నిసార్లు నొక్కితే 112కి పిలుపు వెళ్తుంది. ఎన్నిసార్లు నొక్కాలో ఎవరి ఫోనులో వాళ్ళు చూసుకుని, ఒకసారి సరిచేసి పెట్టుకోవాలి, అంతే. అక్కయ్య తన ఫోనుని తిప్పి తిప్పి చూసుకుంది. "ఇన్నేళ్ళూ చేతిలో పెట్టుకునే భయపడ్డానా!" అంది.

ఇక మిగిలింది మా అమ్మ. అమ్మ తాండూరులో ఉంటుంది. మా అమ్మాయి ఫోను స్పీకర్లో పెట్టి అమ్మమ్మనీ అడిగింది. అమ్మ కాసేపు ఆలోచించింది.

"నాకేం గావాలె బిడ్డా! మీ అమ్మ ఫోన్ల ఊ, ఊ అంటుంటది గద? అది ఇనుకుంట అంటున్నదో, ఉత్తగనే అంటున్నదో నాకు తెల్వాలె. ఇంటుంటే చిన్న బల్బు ఎలగాలె. గంతే."

మా అమ్మాయి పకపకా నవ్వింది. నా చేతిలో అట్లకాడ ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో చెబుతాను. మా తమ్ముడు కిందటేడు అమ్మ ఇల్లు బాగుచేయించాడు. తాండూరు ఇంట్లో బండలకేం కొదవ! స్నానాలగది ముందున్న పాత గరుకు నాపరాళ్ళు తీయించి, అద్దంలా మెరిసే పాలిష్ బండలు వేయించాడు. తడికాళ్ళతో నడిచి అమ్మ వాటిమీద జారింది. అదృష్టం బాగుండి ఎముక విరగలేదు, నడుం పట్టేసింది. ఆ సాయంత్రం అమ్మ నాకు ఫోను చేసి ఆ సంగతే చెప్పింది. నేనా సమయంలో ఫోను స్పీకర్లో పెట్టి, అదే ఫోనులో చీరల ఫోటోలు చూస్తున్నాను. అమ్మ "జారి పడ్డ బిడ్డా" అంది. నేను "ఊఁ, మంచిదమ్మా" అన్నాను.

అమ్మ ఇంకేం మాట్లాడలేదు. "సరే, పని చూస్కో" అని పెట్టేసింది. రెండురోజుల తర్వాత తమ్ముడు చెబితే తెలిసింది, నేను దేనికి 'మంచిది' అన్నానో.

1973 ఏప్రిల్ 3న న్యూయార్కులో వీధిలో నిలబడి మార్టిన్ కూపర్ చేతిఫోనుతో మొదటిసారి మాట్లాడాడు. ఆ ఫోను బరువు కిలో పైమాటే. గంటల తరబడి ఛార్జింగు పెడితే అరగంట మాట్లాడుకోవచ్చు. ఇంకేమీ చేయడానికి లేదు. మన దేశంలో 1995 జూలై 31న జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలో ఉన్న సుఖ్‌రాంకి మొదటి సెల్‌ఫోను పిలుపు చేసినప్పుడూ చేసింది మాట్లాడ్డమే. ఆ తర్వాత ఫోనుకి ఎన్ని హంగులు చేరాయో లెక్కపెట్టలేం. చెప్పేవాళ్ళ మాట వినేవాళ్ళ మనసులోకి వెళ్ళిందా లేదా అన్నది మాత్రం ఉన్నచోటే ఉంది. పైపెచ్చు, వినేవాళ్ళ చేతిలోనే చీరలకొట్టు పెట్టేశాం.

మరి అమ్మ కోరిన ఫోను సాధ్యమా? "ఎందుకు కాదు?" అంది మా అమ్మాయి. ఫోను చెంపకి ఆనించగానే స్క్రీను ఆరిపోవడం మీరూ చూసే ఉంటారు. ముఖం దగ్గరికొచ్చిందని పసిగట్టే చిన్న పరికరం అందులో ఉంది. స్పీకర్లో పెట్టామా, మాట మధ్యలో తెరమీద వేలు పెట్టామా అన్నదీ ఫోనుకి తెలుసు. తెలిసిన సంగతి అవతలివాళ్ళకి చెప్పడం లేదు, అంతే. చెప్పమని నేర్పితే నేర్చుకుంటుంది.

నేర్పొచ్చా? నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నేర్పాలి అనే అనిపించింది ముందు. వినకుండా ఊ కొట్టడం అబద్ధమాడటమే. చిన్న అబద్ధమే కావచ్చు. కానీ తన బాధ వినేవాళ్ళున్నారనుకుని గోడతో మాట్లాడుకునే మనిషికి అది చిన్నది కాదు. తన మాట ఎవరైనా వింటున్నారో లేదో తెలుసుకునే హక్కు అమ్మకు లేదూ?

కానీ ఆ బల్బు అమ్మ ఇంట్లోనే వెలిగి ఊరుకుంటుందా? ప్రతి ఇంట్లోనూ వెలుగుతుంది. "నేను మాట్లాడుతుంటే నీ ఫోను చెవి దగ్గర లేదేం?" అని కోడల్ని నిలదీసే అత్తగారుంటారు. "అప్పుడు ఎవరికి మెసేజీ పెడుతున్నావు?" అని అడిగే భర్తలుంటారు. ఆడవాళ్ళ ఫోను ఎవరెవరు తీసి చూస్తారో మనకొకరు చెప్పాలా? అమ్మ కోసం పెట్టిన దీపం చివరికి ఎవరి చేతిలో టార్చిలైటు అవుతుందో ఆలోచిస్తేనే గుండె జారింది.

ఇంకో చిక్కుంది. మా చిన్నప్పుడు అమ్మ మా ముఖాలు చూస్తూ కూర్చునేది కాదు. ఒడిలో చేట పెట్టుకుని కందిపప్పులో రాళ్ళు ఏరుతూనే మా బడి కబుర్లు వినేది. తల ఎత్తేది కాదు. అయినా మేం చెప్పేదాంట్లో ఒక్క అబద్ధం దొర్లితే చటుక్కున చెయ్యి ఆగేది. చేతులు పనిలో ఉన్నా మనసు మా దగ్గరే ఉండేది. ఇప్పుడు చపాతీల పిండి కలుపుతూ స్పీకర్లో అమ్మ మాట శ్రద్ధగా వింటే, ఆ యంత్రం నన్ను దొంగనంటుంది. చెవికి ఫోను ఆనించుకుని మనసులో రేపటి కూర ఆలోచిస్తే నిజాయితీపరురాలినంటుంది. దానికి తెలిసేది చేతుల సంగతి, మనసు సంగతి కాదు. పైగా బల్బుకి భయపడి విన్నదీ ఓ వినడమేనా?

అలాగని 'ఇది యంత్రం వల్ల అయ్యే పని కాదు' అనేసి చేతులు దులుపుకుంటే, తప్పు నాది కాకుండా పోతుందా? పోదు. కళ్ళజోడు మరిచిపోయేది నేను, వెతికిపెట్టాల్సింది ఫోను. వినకపోయేది నేను, పట్టివ్వాల్సింది ఫోను. నా కోరికలన్నీ ఈ బాపతే. మా తమ్ముడూ అంతే. అమ్మకి సుఖంగా ఉండాలనే నునుపు బండలు వేయించాడు. ఎంత నునుపైతే అంత మంచిదనుకున్నాడు. తడికాలికి కావలసింది గరుకు. ఎవరి కాళ్ళ కోసమో వాళ్ళనొక్కమాట అడిగి ఉంటే సరిపోయేది.

నేను మటుకు ఒక్కటే మార్చుకున్నాను. వినలేని సమయంలో అమ్మ ఫోను వస్తే ఊ కొట్టడం మానేశాను. "అమ్మా, ఇప్పుడు పనిలో ఉన్నాను, ఎనిమిదింటికి నేనే చేస్తాను" అని చెప్పేస్తున్నాను. మొదటిసారి అలా అనడం ఎంత కష్టమైందో చెప్పలేను. అబద్ధపు ఊ కంటే నిజమైన 'ఇప్పుడు కాదు' కటువుగా వినిపిస్తుంది. అమ్మ మాత్రం "మంచిగ జెప్పినవ్" అంది. ఎనిమిదింటికి చేసినప్పుడు చీరలకొట్టు మూసేసి కూర్చుంటున్నాను.

తాండూరు మాకు రైల్లో గంట ప్రయాణం. ఫోను లేని రోజుల్లో నెలకోసారి వెళ్ళేదాన్ని. ఫోనొచ్చాక, 'రోజూ మాట్లాడుతూనే ఉన్నాంగా' అని మూణ్ణెల్లకోసారి అయింది. పోయిన వారం వెళ్ళొచ్చాను. స్నానాలగది ముందు మళ్ళీ గరుకు బండలే వేయించారు.

అన్నట్టు, మా అమ్మాయి పట్టిక సంగతి మరిచాను. "అమ్మమ్మ కోరిక ఏ గడిలో రాయనే? స్క్రీనా, బ్యాటరీయా, భద్రతా?" అని అడిగింది. నాకూ తోచలేదు. చివర 'ఇతరములు' అని ఓ గడి గీయించి అందులో రాయించాను.

నిన్న రాత్రి ఎనిమిదింటికి అమ్మ వాళ్ళ వీధిలో ఎవరిదో పెళ్ళి కబురు మొదలుపెట్టి నలభై నిమిషాలు చెప్పింది. వింటూ వింటూ ఊ కొట్టడమే మరిచిపోయాను. "ఇంటున్నవా?" అని అమ్మ ఒక్కసారీ అడగలేదు.