ఆరోగ్యవంతమైన సముద్రం ఏది?

సముద్రం ఆరోగ్యంగా ఉందనడానికి దాన్ని ఏ కాలంతో పోల్చాలి? ప్రతి తరం శాస్త్రవేత్తలూ తాము వృత్తిలోకి వచ్చిన నాటి స్థితినే సహజమనుకుంటారనీ, అంతకు ముందరి నష్టం లెక్కకు రాదనీ 1995లో మత్స్యశాస్త్రవేత్త డేనియల్ పాలీ హెచ్చరించారు. లోరెన్ మెక్‌క్లెనకన్ పరిశోధన (2009) దీనికి బలమైన సాక్ష్యం. ఫ్లోరిడాలోని కీ వెస్ట్‌లో పర్యాటకులు తాము పట్టిన చేపలతో దిగిన ఫోటోలను ఆమె పరిశీలించారు. 1956లో దాదాపు 20 కిలోలున్న చేప సగటు బరువు 2007కి 2.3 కిలోలకు పడిపోయింది. చేపలవేట యాత్ర ధర మాత్రం తగ్గలేదు; జనం ఉన్నదానికే అలవాటుపడ్డారు.

కొలతలు క్షీణతను చూపుతాయి. ఏ సముద్రాన్ని తిరిగి కోరుకోవాలో చెప్పవు. అది విలువల నిర్ణయం. జీవవైవిధ్యానికి స్వతస్సిద్ధమైన విలువ ఉందన్న మాటను 1985లో జీవశాస్త్రవేత్త మైకేల్ సూలే ప్రయోగఫలితంగా కాక, పరిరక్షణ జీవశాస్త్రపు నైతిక ఆధారసూత్రంగా బాహాటంగానే ప్రకటించారు. ఆ నిజాయితీ ఎంతైనా మెచ్చదగింది.