ఆరంభమునందలి ఋణము

క్రొత్తవ్యాపార మారంభించువాడు తన ధనమునే యొడ్డుచున్నాడనియు, నష్టము వచ్చినచో వానికే వచ్చుననియు లోకము తలంచును. ఈ తలంపు సరియైనదేనా? నేడు విద్యావంతులైన యువతీయువకులు పెక్కురు ఉద్యోగములను గోరక, క్రొత్తరీతి వస్త్రముల వ్యాపారమునో, పత్రికనో, ప్రసారసంస్థనో స్థాపింప నుత్సహించుచున్నారు. ఈ యుత్సాహము మెచ్చదగినది. కావుననే యీ ప్రశ్నను ముందుగా విచారింపవలసియున్నది.

పత్రికను దీసికొందము. చందాదారుడు సంవత్సరపు చందాను ముందుగనే చెల్లించును. ఆ దినమునుండి యతడు పాఠకుడు మాత్రమే కాడు, ఋణదాత. పండ్రెండు సంచికలకు సొమ్ము గైకొని నాలుగవదానితో నిలిచిపోయిన పత్రిక యెనిమిది సంచికలు బాకీపడినది. కొలది రూపాయలకై యెవడు వ్యాజ్యమాడును? అడుగువాడు లేనంతమాత్రమున ఋణము తీరునా? మేమును అట్టి పత్రికల చందాదారులమై యుంటిమి. సంపాదకుల యుద్దేశము మంచిదనుటలో మాకు సందేహము లేదు. కాని సదుద్దేశముతో బాకీ తీరదు.

వస్త్రవ్యాపారమున నీ ఋణము మఱింత గూఢము. పోచంపల్లి నేతలో నూలును ముందుగా కట్టి, రంగులలో ముంచి, పిమ్మట మగ్గమున కెక్కింతురు. వస్త్రముకంటె ముందే చిత్రము నిశ్చితమగును. నడుమ వచ్చి వేఱొక చిత్రము కావలయునన్నచో నేతగాడు చేయగలిగినది లేదు. కొనువారి యభిరుచి ఋతువుతో మాఱును. నూలున కెక్కిన రంగు మాఱదు. సరకును అరువుపై దీసికొని, అమ్ముడుపోనిదానిని త్రిప్పిపంపు వ్యాపారి తన సాహసమునకు మూల్యమును నేతగానిచేత చెల్లింపించుచున్నాడు. భాగస్వామి లాభమున పాలుగోరి నష్టమునకును ఒడంబడును. చందాదారుడును నేతగాడును అట్లు ఒడంబడినవారు కారు.

అట్లయిన సాహసమే వలదందురా? అనము. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించిరి. అచ్చటనే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మదరాసునుండి దినపత్రికగా వెలువరించిరి. 1924లో భారతిని స్థాపించిరి. మందునకును పత్రికకును నడుమ పదునైదేండ్లు గడచినవి. పత్రికకు నష్టము వచ్చినచో నోర్చుకొనుటకు పంతులుగారిచేత స్వార్జితమైన యాధార ముండెను.

అందఱికిని అమృతాంజనముండదు గదా యందురు. నిజమే. ధనములేనివాడు కార్యమారంభింపరాదని మేమనము. పరధనముతో నారంభింపవచ్చును; కాని యిచ్చువానికి నిజస్థితి తెలిపి పుచ్చుకొనవలయును. వ్యాపారప్రణాళిక బ్యాంకువారిని మెప్పించుటకే వ్రాయు కాగితము కాదు. అందు రెండు లెక్క లుండవలయును. రాబడి లేకున్నను ఎన్ని మాసములు నడుపగలము? నిలిచిపోయినచో ఎవరికెంత యియ్యవలసియుండును? మొదటిది వివేకము, రెండవది ధర్మము. రెండవ లెక్కను గూడ వ్రాసికొన్నవాడు సంవత్సరపు చందాకు బదులు మూడుమాసముల చందానే పుచ్చుకొనును; లేదా చందాసొమ్మును వేఱుగా నుంచి, సంచిక వెలువడినకొలది దానినుండి దీసికొనును. నూఱుచీరలు అరువు దెచ్చుటకు మాఱుగా పదిచీరలకు సొమ్మిచ్చి నేయించును. కార్యము చిన్నదగును, కాని తలవంచుకొనవలసిన పని యుండదు.

మన బిడ్డలు వ్యాపారము పెట్టెదమన్నపుడు లాభమెంత యని యడుగుదుము. ఇకమీద, పోయినచో ఎవరిది పోవునని కూడ నడుగుదము. తడబడక యుత్తరము చెప్పగల బిడ్డకు దీవెనయేకాక, చేతనైనంత ధనమును గూడ నీయవచ్చును.