గురి తప్పిన బాణము: దోషమెవరిది?

ద్రోణాచార్యుని పరీక్షలో అర్జునునకు పక్షి తల తప్ప మరేమియు కానరాలేదని మహాభారతకథ. ఏకాగ్రతకు ఇంతకన్న గొప్ప నిదర్శనము లేదని పెద్దలు చెప్పుదురు. అయితే ఏకాగ్రత యొక్కటే చాలునా? చూపు నిలిచి, చేయి కుదిరినను, వింటిలోనే దోషమున్నచో బాణము గురి చేరునా?

ఈ ప్రశ్నకు నేటి విలుకాండ్ర అనుభవము చక్కని సమాధాన మొసగుచున్నది. వేటకేగు విలుకాడు అభ్యాసమునకు మొన మాత్రమే గల సాదా ములికిని వాడును. వేటకు వెడల్పైన అలుగులు గల ములికిని అమర్చును. రెండింటి బరువు ఒక్కటే కావచ్చును. తరచుగా 100 గ్రెయిన్లు, అనగా సుమారు 6.5 గ్రాములు. అయినను ఒకే గురితో విడిచిన రెండు బాణములు వేర్వేరు చోట్ల నాటుకొనుట కద్దు. కారణమేమి? బాణము వింటిని వీడునపుడు కొద్దిపాటి వంకర యున్నను, సాదా ములికి గల బాణమును వెనుకనున్న ఈకలు సరిదిద్దును. వెడల్పు ములికి యలుగులు ముందువైపు రెక్కలవలె గాలిని పట్టి ఆ వంకరను పెంచును. దోషమును ములికి పుట్టింపలేదు, దాగియున్నదానిని బయటపెట్టినది.

అప్పుడు విలుకానికి రెండు మార్గములు. గురిచూచు పరికరమును జరుపుట సులభము. అట్లు చేసినచో వేటబాణము లక్ష్యము చేరును గాని అభ్యాసబాణము తప్పును. వంకర వంకరగానే నిలుచును. రెండవది, కాడ బిగువు వింటి బలమునకు తగినదో కాదో చూచి, బాణమునకు ఆనికయైన భాగమును వెంట్రుకవాసి జరిపి, రెండు విధముల బాణములను మరల మరల విడిచి, అవి ఒక్కచోట చేరువరకు ఓర్పుతో సవరించుట.

మానవశీలమును ఇట్టిదే. నిత్యజీవితములో మర్యాద, అలవాటు, పదిమంది చూపు అను ఈకలు మన చిన్న వంకరలను సరిదిద్దుచుండును. ఆస్తి పంపకమో, పదవియో, అవమానమో ఎదురైననాడు శాంతుడనిపించుకొన్నవాడు కఠినుడగును. ఆతని పూర్వపు మంచితనము కపటమనుట న్యాయము కాదు. రెండు బాణములను విడిచినది ఒక్క చేయియే. అట్లని సమయమును నిందించుటయు తగదు. పెక్కుమంది చేయునది, తమ తప్పిదమునకు తగినట్లు ధర్మము యొక్క గురినే జరుపుట. నాడు తప్పనిన దానిని నేడు లోకరీతి యందురు.

విలుకాడు వేటకు ముందే ఆ పదునైన ములికితో విల్లును పరీక్షించుకొనును. మానవుడును చిన్న కష్టములయందే తన్ను తాను పరీక్షించుకొని, గురిని కదపక, తనలోని వంకరను వెంట్రుకవాసి చొప్పున దిద్దుకొనవలెను. సుఖమునందును సంకటమునందును ఒక్కచోటనే నాటుకొను నడవడియే శీలము.