స్వామి పరీక్షేనా?

కార్తీక మాసంల మా పాలమూరు దారులన్నీ కురుమూర్తి స్వామి గుడి వైపే. వడ్డెమాన్‌లో మాదిగ కుటుంబాలు నిష్ఠతో కుట్టిన ఉద్దాలు ఊరేగింపుగా జాతరకొస్తయి. ఆ స్వామి చెప్పులు నెత్తికి తగిలితే చాలనుకునే జనం మేము. పాదానికి ఇంత మర్యాద చేసే చోట, సొంత కాలి బాధను లెక్కచేయకపోవడమే భక్తి అని ఎట్ల నమ్మినమో నాకు అంతుపట్టదు.

నర్సుగా చేసినన్ని ఏండ్లూ కాలు వాచినోళ్ల నోట ఒక్కటే మాట విన్న: "స్వామి పరీక్ష పెడుతున్నడు సిస్టరమ్మా, ఓర్చుకుంట." తుంటి విరిగి మంచాన పడ్డ అవ్వ అన్నది. బొంబాయి నుంచి రాత్రంతా బస్సుల ముడుచుకొని వచ్చిన మేస్త్రీ అన్నడు. నాలుగు గంటలకు మించి కదలకుండ కూర్చునే ప్రయాణం సిరల రక్తం గడ్డకట్టే ముప్పును సుమారు రెండింతలు చేస్తదని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

ఓర్పు గొప్పదే. కొండెక్కిన అలసట రెండు కాళ్లకూ ఉంటది, పడుకొని లేస్తే తగ్గుతది. ఒక్క కాలే ఉబ్బి, పిక్క పట్టేసినట్టు నొప్పిపెట్టి, ముట్టుకుంటే వెచ్చగ తగిలితే లోపలి సిరల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. మా చామనచాయ ఒంటి మీద ఎరుపు తొందరగ కనపడదు, అందుకే రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూడాలె. నూనె రాసి పిసకొద్దు. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు పోతే ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీల పోటు, ఒక్కోసారి దగ్గుల నెత్తురు, సొమ్మసిల్లడం. అప్పుడు వెంటనే 108కు ఫోన్ చేయాలె.

పూర్వజన్మ కర్మ అంటరు కొందరు. కర్మను నేనూ నమ్ముత. చేసినదానికి ఫలం ఉంటదన్న ధర్మం, చేయాల్సింది మానుకొమ్మని ఎన్నడు చెప్పింది? ఆ నొప్పి దేవుడే పంపిండనుకుందాం. ఓర్చుకొమ్మని పంపిండా, వినుమని పంపిండా?

ఒక బాలింత ఇంట్ల ఈ వాదం గట్టిగనే నడిచింది. ఆమెను మంచం దిగనియ్యరు, నీళ్లు గూడ కొలిచి ఇస్తరు. ఎడమ కాలు తొడ దాక ఉబ్బింది.

"పురుడు తీరంది గడప ఎట్ల దాటిస్తం?" అన్నది అత్త.

"మైల తలమీద నీళ్లు పోస్తే పోతది అత్తమ్మా, గడ్డ పోదు. ఆటోను పిలువు" అన్న.

పిలిచింది. డాప్లర్ స్కాన్‌ల గడ్డ కనపడ్డది. పాలిస్తూనే వాడుకోగల మందులున్నయి, ఆమెకు అవే ఇచ్చిన్రు.