బకధ్యానము – స్థితప్రజ్ఞత

పోచంపాడు వద్ద గోదావరికి అడ్డముగా వెలసిన శ్రీరామసాగరము అంచున, నీరు తగ్గి బురద తేలిన చోట్ల, వేకువనే కొంగలు వచ్చి నిలుచును. ఒంటికాలిపై నిలిచిన కొంగ కదలదు, మెదలదు. గాలికి ఈక చలించినను దాని కన్ను చలింపదు. అంతటి నిశ్చలత్వము అభ్యాసపరులగు సాధకులకును సులభముగా అలవడదు. అయినను ఆ నిలుకడను చూచి చేతులు జోడించినవాడు లేడు. తెలుగువారు దానికి కొంగజపమని పేరు పెట్టి ఊరకొనిరి. మనస్సు నిలిచినదా అని కాదు, దేనికొరకు నిలిచినది అని అడుగవలెనను వివేకమంతయు ఆ ఒక్క మాటలో ఇమిడియున్నది.

ఈ కాలమున ఈ కొంగజపమునకు ఒక శాస్త్రమే ఏర్పడినది. పోకరు అను పాశ్చాత్యుల పేకాట ఇప్పుడు చేతిలోని ఫోనులోనికి వచ్చినది. ఇందు ఆటగానికి కొన్ని ముక్కలు రహస్యముగా ఇయ్యబడును. కొన్ని అందరి యెదుట పరుపబడును. ముక్కల కంటె పందెమే ఇందు ప్రధానము. నాసిముక్కలు పట్టినవాడు సైతము పెద్ద పందెము కాసి, ఎదుటివానిని బెదరించి గెలువవచ్చును. కావున ఎదుటివాని మనస్సును చదువుటయే అందలి విద్య. దానిని వృత్తిగా చేసికొన్నవారు చెప్పు నియమములు వినినచో మొదట ఆశ్చర్యము కలుగును. ఓడినపుడు క్రుంగరాదట. గెలిచినపుడు పొంగరాదట. మత్తులోను, నిద్రలేమిలోను కూర్చుండరాదట. పదిమార్లలో ఏడెనిమిది మార్లు ఓపికతో ముక్కలు వదలివేయవలెనట. ఓడిన ఉక్రోషముతో తెలివి తప్పి ఆడుటను వారు ‘టిల్ట్’ అందురు. ఆ స్థితి తనకు రాకుండ చూచుకొని, ఎదుటివానికి వచ్చువరకు వేచియుండవలెనని బోధింతురు. ముఖము కనబడని ఆటలో కూడ ఆనవాళ్లు లేకపోలేదు. ఎవడు క్షణము ఆగక మీట నొక్కుచున్నాడు, ఎవడు పోయినదానిని రాబట్టుకొనుటకు పందెమును రెట్టింపు చేయుచున్నాడు, ఎవడు అర్ధరాత్రి దాటినను లేవలేకున్నాడు అని వారు గుర్తుపెట్టుకొందురు. అట్టి బలహీనునికి వారి పరిభాషలో ‘చేప’ అని పేరు. కొంగ అను మాట వారు తమకు పెట్టుకొనలేదు కాని, మిగిలినదంతయు సరిపోయినది.

“బాపూ, ఇది నువ్వనుకునే పత్తాలాట కాదు. నాకు కోపం రాదు, తొందర లేదు. ఓపికతోని కూర్చుంట. తొందరపడేటోడు ఓడుతడు” అని కొడుకు చెప్పినచో, ఇందూరు ప్రాంతపు రైతు ఇంట తండ్రి ఏమనగలడు? శాస్త్రములు చదువనక్కరలేదు. “ఆ తొందరపడేటోడు ఎవల కొడుకు బిడ్డా?” అని అడిగిన చాలును.

ఏలయన, ఈ ఆటలో సొమ్ము పుట్టదు. ఆరుగురు వేయి రూపాయల చొప్పున తెచ్చి కూర్చుండిరనుకొందము. బల్లమీద ఆరువేలున్నవి. తెల్లవార్లు ఆడినను అవి ఏడువేలు కావు. పైగా పందెము పందెమునకు ఆట నడుపువారు తమ వంతు తీసికొందురు గనుక, ఆరువేలు అయిదున్నర వేలగును, అయిదువేలగును. పసుపు కొమ్ము నాటిన, తొమ్మిది నెలలకు ఒకటి పదియై వచ్చును. నాటినవాడును బ్రదుకును, కొన్నవాడును బ్రదుకును. ఇచట ఒకని గెలుపు మరియొకని ఇంటి ఉప్పు, పప్పు, బడి ఫీజు. నేర్పరి తన నేర్పుచే సంపాదించితినని అనుకొనును. నిజమునకు వాడు సంపాదించినది ఎదుటివాని నిగ్రహలోపమును.

నేర్పు, అదృష్టము అను తర్కము న్యాయస్థానములకును ఎక్కినది. సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని వ్యవహారమున వచ్చి, 1968 నాటి గ్రంథములకెక్కిన తీర్పులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానముగా నేర్పుతో కూడిన ఆటగా చెప్పినది. అయితే ఆడించువారు దానివలన లాభము గడించుచున్నచో అది వేరు మాట యనియు ఆ తీర్పులోనే యున్నది. ఆ రెండవ మాటను చాలమంది మరచిరి. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను తమ జూద నిరోధక చట్టములను సవరించి ఆన్‌లైన్ పందెపుటాటలను అందు చేర్చినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు, నేర్పు అదృష్టము అను భేదము పాటింపకయే, సొమ్ము పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించు చట్టము చేసెను. చట్టము చేతిని ఆపును. అయితే “నాకు కోపము లేదు, ఆశ లేదు, నేను గీతలో చెప్పినట్లే ఉన్నాను” అను భ్రమను ఆపవలసినది చట్టము కాదు.

భారతమున ఆవేశము లేని జూదరి ఎవ్వడని వెదకినచో శకుని కనబడును. దుర్యోధనుడు అసూయతో కాగిపోవుచున్నాడు, ధృతరాష్ట్రుడు ఎవరు గెలిచిరని మాటిమాటికి అడుగుచు సంతోషమును దాచుకొనలేకున్నాడు, కర్ణుడు నవ్వుచున్నాడు. శకుని మాత్రము చల్లగా ఉన్నాడు. ఆటకు పూర్వమే ఆయన లెక్క పూర్తియైనది: ధర్మరాజునకు జూదము మీద ప్రీతి కలదు, ఆడుట తెలియదు, పిలిచిన కాదనలేడు. ఒక మనుష్యుని ఇష్టమును, అజ్ఞానమును, మర్యాదను మూడింటిని కలిపి వల పన్నుట ఇదియే. సభలో ధర్మజుడు నకుల సహదేవులను ఓడిన పిమ్మట శకుని వేసిన మాట పాచిక కంటె పదునైనది. మాద్రి కొడుకులను ఒడ్డితివి, భీమార్జునులు నీకు వారి కంటె ప్రియులు కాబోలునని దెప్పెను. సవతితల్లి బిడ్డలకు అన్యాయము చేసితినను నింద ధర్మజుని వంటి వానికి భరింపరానిది. ఆ నొప్పిలోనే అర్జునుని ఒడ్డెను, భీముని ఒడ్డెను, తన్ను ఒడ్డుకొనెను. ఇంక ద్రౌపది యున్నది కదా అని గుర్తుచేసినవాడును శకునియే. ఇంద్రియనిగ్రహము, ఏకాగ్రత, పరచిత్తజ్ఞానము మూడును ఆయనకు కలవు. ఇవి యోగికి చెప్పదగిన గుణములే. అయినను శకుని స్థితప్రజ్ఞుడని వ్యాసుడు అనలేదు.

గీతాచార్యుడు స్థితప్రజ్ఞుని లక్షణములు చెప్పునపుడు ఇంద్రియములను బిగబట్టుటతో విడిచిపెట్టలేదు. అట్లు బిగబట్టి తనయందు మనస్సు నుంచవలెనని చెప్పెను. భగవద్రామానుజులు ఆ చోట, మంగళాశ్రయుడైన పరమాత్మయందు నిలిచిన మనస్సే నిర్మలమై ఇంద్రియములను గెలుచునని వివరించిరి. ఆరవ అధ్యాయమున, ఎదుటివాని సుఖదుఃఖములను తనవానితో సమముగా చూచువాడే యోగులలో శ్రేష్ఠుడని భగవానుడు పలికెను. ఈ గీటురాయిపై పెట్టినచో పోకరు నేర్పరి ధైర్యము తేలిపోవును. వాడు ఎదుటివాని దుఃఖమును చక్కగా గ్రహించును, తనదిగా గ్రహింపడు. ఆ దుఃఖమే వానికి ఆహారము. మోసము చేయువారి సాధనములలో జూదము తానేనని భగవానుడు విభూతియోగమున చెప్పలేదా అని కొందరు అడుగుదురు. సర్వశక్తియు ఆయనదే యని అందలి భావము. అదే చోట, సర్వమును హరించు మృత్యువును తానేనని చెప్పెను. అందులకై ఎవ్వరును విషము త్రాగరు.

1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ పోచంపాడు ఆనకట్టకు శంకుస్థాపన చేసెను. దానికి 42 గేట్లు. గోదావరి వంటి నదిని బిగబట్టుట సామాన్యము కాదు. కాని బిగబట్టిన నీరు కాకతీయ కాలువ వెంట పారి ఎవరి పొలమో తడుపుచున్నందుననే ఆ బిగువునకు అర్థము కలిగినది.

ఈ ప్రాంతపు పురాణస్మృతి ఒకటి ఇచట చెప్పక తప్పదు. బోధను పట్టణమే భారతములోని ఏకచక్రపురమని స్థానికుల విశ్వాసము. బకుడను రాక్షసునికి ఆ ఊరివారు వంతుల వారిగా బండెడు అన్నమును, రెండు దున్నలను, ఒక మనుష్యుని పంపుచుండిరి. మిగిలిన ఇండ్లవారు ఏమనుకొని ఉందురు? నేడు మన వంతు కాదు కదా యనుకొని యుందురు. బల్ల చుట్టు కూర్చున్న ఆరుగురిలో ప్రతివాడు అనుకొనునది అదియే. కుంతీదేవి తలదాచుకొన్న బ్రాహ్మణుని ఇంటికి వంతు వచ్చినపుడు ఆ ఇంట ఏడ్పు పుట్టినది. తండ్రి తాను పోదుననెను, తల్లి తాననెను, కూతురు తాననెను. మాటలు కూడ సరిగా రాని పసివాడు గడ్డిపోచ యొకటి చేతబట్టి దానితో రాక్షసుని చంపెదననెను. ఆ ఏడ్పులోనే వారికి నవ్వు వచ్చినదట. అజ్ఞాతముగా బిచ్చమెత్తి బ్రదుకుచున్న కుంతి, తమకెందుకని ఊరకొనక, నాకు ఐదుగురు కొడుకులున్నారు, ఒకడు పోవునని చెప్పెను. బలవంతుడు బలహీనుని చోటికి తాను వెళ్లుట ఆ పురములో జరిగినది. బలహీనుడు ఎచట దొరకునా యని బలవంతుడు వెదకుట దీనికి సరిగా ఎదురు. రాక్షసుని పేరు బకుడు, బకమనగా కొంగ.

జూదమును నేర్చినవాడు చెడ్డవాడే కానక్కరలేదని నలోపాఖ్యానము చెప్పును. ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను, కాయలను నిలుచున్న చోటనే లెక్కించి, ఆ లెక్కల విద్యయగు అక్షహృదయమును నలునికిచ్చెను. ఆ విద్య లోనికి పోగానే కలి బయటికి వచ్చెను. నలుడు ఆ బలముతో పుష్కరుని ఒక్క పందెమున ఓడించి రాజ్యము మరల గైకొనెను. అంతట, దమయంతిని గెలుచుకొందునని ప్రేలిన ఆ తమ్ముని ఏమి చేసెను? చేసినది కలి గాని నీవు కాదని, వాని ప్రాణమును, వాని పాలు ఆస్తిని వానికే విడిచి, కౌగిలించుకొని ఇంటికి పంపెను. పోకరు గ్రంథములలో ఈ అధ్యాయముండదు.

బృహదశ్వ మహర్షి ఆ కథ చెప్పి, అదే అక్షహృదయమును ధర్మరాజునకు అరణ్యమున ఉపదేశించెను. ఆ పిమ్మట ఆయన చేతికి పాచికలు విరటుని కొలువులో వచ్చినవి. కంకుడను పేర రాజుతో ఆడి, గెలిచినది రహస్యముగా తమ్ములకు ఇచ్చుచుండెను. అది వ్యాసుడు దాచలేదు. అయితే ఉత్తరగోగ్రహణము నాటి సంగతి వేరు. ఉత్తరుడు కౌరవసేనను గెలిచెనని వార్త వచ్చినది. విరటుడు ఆనందముతో ఒడలు మరచి, సైరంధ్రీ పాచికలు తెమ్మనెను. ఎదుటివాడు ఉప్పొంగి తెలివి తప్పియున్న వేళ. ఏమి కావలెనన్నను ఒడ్డును. నేటి నేర్పరి రాత్రియంతయు కాచుకొని యుండు ఘడియ అది. కంకుడేమనెను? హర్షములో మునిగియున్న వానితో జూదమాడరాదని విన్నాను, నేడు నీతో ఆడుటకు నాకు మనసొప్పదు అనెను. శకునికి దొరికిన ధర్మరాజు వంటివాడు ధర్మరాజునకు దొరికినపుడు ఆయన చేసినది ఇది. రాజు వినలేదు. ధర్మరాజు జూదముచే ఎట్లు చెడెనో చూడవా యని తన కథనే పరుని కథవలె చెప్పి వారించెను. అయినను వినలేదు. ఆట సాగినది.

ఆటలో విరటుడు కొడుకును పొగడుచుండ, బృహన్నల సారథ్యమున్న వాడెట్లు గెలువకుండునని కంకుడు పలికెను. రాజు పట్టరాని కోపముతో పాచికతో ఆయన ముఖముపై కొట్టెను. ముక్కు నుండి రక్తము కారినది. అది నేలపై పడకుండ ధర్మరాజు దోసిలి పట్టి ద్రౌపది వంక చూచెను. ఆమెకు మాట అక్కరలేకపోయెను. బంగారు పాత్రలో నీరు తెచ్చి ఆ రక్తమును పట్టినది. ఇంతలో ఉత్తరుడు, బృహన్నల ద్వారమున ఉన్నారని వార్త వచ్చినది. ఉత్తరుని మాత్రమే పంపుమని కంకుడు ద్వారపాలుని చెవిలో చెప్పెను. యుద్ధమున తప్ప తన అన్న రక్తమును చిందించినవాని ప్రాణముతో విడువనని అర్జునుని వ్రతము. విరటుడు క్షమింపుమనగా, ఎప్పుడో క్షమించితిని, నాకు కోపము లేదు, ఆ రక్తము నేలపై పడియున్నచో నీవును నీ రాజ్యమును నశించియుండెడివి అని ధర్మరాజు చెప్పెను. దెబ్బ తిన్న ముఖముతో, కారుచున్న నెత్తురుతో, కొట్టినవాని క్షేమము కొరకు దోసిలి పట్టిన నిగ్రహము అది.

ఇండ్లలో పెద్దలు ఒక్క సంగతి గుర్తించవలెను. ఋగ్వేదము పదవ మండలమున జూదరి గోడు ఒక సూక్తముగా ఉన్నది: భార్య విడిచినది, తల్లి కుములుచున్నది, అప్పులవాండ్రకు వెరచి రాత్రివేళ పరుల ఇండ్లు తిరుగుచున్నాడు, తన వారే వీనిని ఎరుగమని చెప్పుచున్నారు. పాచికలు విడిచి పొలము దున్నుకొమ్మని ఆ సూక్తమే చెప్పుచున్నది. అప్పు దాచిన పిల్లవానిని ఎరుగమని త్రోసివేసిన ఇల్లు వానిని మరల ఆ ఆటకే పంపును. పోయినది రాబట్టుకొనుట తప్ప వానికి వేరు దారి కనబడదు. తొండరడిప్పొడి ఆళ్వారు, మన విప్రనారాయణుడు, తాను జూదరియై దొంగయై దుష్టులతో తిరిగిన కాలమును తిరుమాలలో స్వయముగా ఒప్పుకొనెను. అట్టివానిని రంగనాథుడు తన సౌందర్యముతో లోనికి లాగుకొనెను గాని వాకిట నిలుపలేదు.

తిరుమలలో బావాజీ ఐతిహ్యము భక్తులందరికి తెలిసినదే. ఉత్తరదేశము నుండి వచ్చిన ఆ బైరాగితో శ్రీనివాసుడు రాత్రివేళ పాచికలాడుటకు మఠమునకు వచ్చుచుండెనట. సర్వజ్ఞునకు ఎదుటివాని మనస్సు తెలియదా, పడబోవు పాచిక తెలియదా? అయినను ఓడుచుండెను, ఓడి నవ్వుచుండెను. ఒకనాడు కంఠహారము అచటనే విడిచిపోయెను. తెల్లవారిన దొంగతనము బావాజీపై పడినది. బండెడు చెరకు గదిలో పోసి, రాత్రికి రాత్రి తినుమని తలుపులు బిగించిరి. బోధను మండలమున చెరకు బండి చూచినవారికి అది ఎంత పరీక్షయో వేరుగా చెప్పనక్కరలేదు. బావాజీ ఒక మూల కూర్చుండి రామనామము చేసికొనుచు నిద్రపోయెను. తలుపులు వేసినవి వేసినట్లే యుండ ఏనుగు యొకటి లోనికి వచ్చి, గడల నన్నిటిని నమిలి, తెల్లవారుజామున ఘీంకరించి పోయెను.