స్వగతానికి శ్రోతలు

తన గురించి, తన చుట్టూ ఉన్న లోకం గురించి నిత్యం కొంత వ్రాసుకునే అలవాటు గల మనుషులు ప్రతి కాలంలోనూ ఉన్నారు. వారిలో కొందరు వ్రాసినదానిని పెట్టెలో దాచుకుంటారు. మరికొందరు నలుగురి ముందూ ఉంచుతారు. మొదటివారితో లోకానికి పేచీ లేదు. రెండవవారి విషయంలోనే చిక్కు. చదివేవారు కావాలని కోరుకోవడం తప్పు కాదు; మాట అన్నది వినేవారి కోసమే పుట్టింది. అయితే ఆ చదివేవారిని రప్పించుకోవడానికి ఎంతదూరం పోవచ్చు? తన బ్రతుకును వ్రాస్తున్నానన్న పేరిట పక్కవాడి బ్రతుకును ఎంతవరకు వాడుకోవచ్చు?

ఈ ప్రశ్న మహానగరంలో కంటే చిన్న ఊరిలో సూటిగా ఎదురవుతుంది. నగరంలో ఎవరి గురించి వ్రాసినా ఆ మనిషి జనంలో కలిసిపోతాడు. దక్షిణ అండమాన్‌లో ఫెరార్‌గంజ్ తహసీలుకు చెందిన తుష్నాబాద్ వంటి గ్రామంలో ఆ సౌకర్యం లేదు. అక్కడ కూర్చుని తెలుగులో తన దినచర్యను లోకానికి వినిపించాలనుకున్న ఒక మనిషిని ఊహించుకుందాం. ఇది వింత ఊహ ఏమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వారిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి తరలివచ్చిన కుటుంబాలవారు. బజారులో అందరితోనూ హిందూస్తానీ మాట్లాడి, ఇంటికి వచ్చి తెలుగు మాట్లాడుకునే మనిషికి, ఆ తెలుగులో నాలుగు ముక్కలు వ్రాయాలనిపించడం సహజం. కాని ఎవరి కోసం?

పూర్వకవులకు ఈ సందేహం ఇంతగా ఉండేది కాదు. కావ్యానికి కృతిపతి ఉండేవాడు. నన్నయ రాజరాజనరేంద్రుని కోసం భారతాంధ్రీకరణకు పూనుకున్నాడు. తిక్కన తన కృతిని హరిహరనాథునికి, పోతన శ్రీరామునికి సమర్పించారు. దేవుణ్ణే శ్రోతగా ఎన్నుకున్న కవికి ఒక గొప్ప వెసులుబాటు ఉంది: ఆ శ్రోతను మెప్పించడానికి అబద్ధమాడి ప్రయోజనం లేదు. అచ్చుయంత్రం వచ్చిన తరువాత కృతిపతి స్థానంలోకి ముఖం తెలియని వేలమంది వచ్చారు. ముఖం తెలియనివారిని మెప్పించాలనుకున్నప్పుడు, వారికి ఏమి కావాలో రచయిత తానే ఊహించుకోవాలి. ఆ ఊహ తరచుగా మనిషిలోని చవకబారు ఆసక్తులనే ముందుగా తడుముతుంది.

దక్షిణాదిన ఇద్దరు ద్విభాషీలు ఈ విషయంలో మనకు చాలా నేర్పుతారు. పుదుచ్చేరిలో ద్యూప్లే వద్ద పనిచేసిన ఆనందరంగ పిళ్ళై 1736 మొదలుకొని 1761 వరకు తమిళంలో దినచర్య వ్రాసుకున్నాడు. కొలువులోని కుట్రలు, లంచాలు, సరుకుల లావాదేవీలు, యుద్ధ వార్తలు అన్నీ అందులో ఉన్నాయి. చదువరి కోసం ఆయన వల వేయలేదు. అది ఇంగ్లీషులో 12 సంపుటాలుగా 1904, 1928 సంవత్సరాల మధ్య వెలువడే నాటికి అందులోని మనుషులందరూ ఏనాడో గతించారు. కాలమే ఆయన పక్షాన మర్యాద పాటించింది.

రెండవవాడు మన ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా ఉన్న ఆయన 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. దారిపొడుగునా వ్రాసిన విశేషాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి పంపుతూ వచ్చాడు. ఆయన 1836లో కన్నుమూసిన తరువాత, 1838లో అవి ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. ఈ గ్రంథం తెరిచినవారికి మొదట తోచేది దాని నిరాడంబరత. ఈ మజిలీ నుండి ఆ మజిలీకి ఎంతదూరం, బాట ఇసుకా రాయా, దాటవలసిన వాగులు ఎన్ని, ఊరిలో నీళ్ళ వసతి ఎట్లా ఉంది, అంగళ్ళలో ఏ సరుకులు దొరుకుతాయి - ఇటువంటి సంగతులే పుటల తరబడి సాగుతాయి. మధ్య మధ్య వేదాంత విచారం చేస్తాడు. ఆయా ప్రాంతాల ఆచారాలనూ పరిపాలననూ గమనించి తన అభిప్రాయం చెబుతాడు. భాష నాటి పండితుల గ్రాంథికం కాదు. మద్రాసులో ఉద్యోగం చేసే చదువుకున్న గృహస్థు మాట్లాడే మాట.

ఇందులో పాఠకుణ్ణి ఆకర్షించే ఉపాయం ఏముంది? నా దృష్టిలో ఒక్కటే ఉంది. దానిని ఉపాయం అనడం కూడా సరికాదేమో. ఆయన ఎదుట ఒక మనిషి ఉన్నాడు. శ్రీనివాస పిళ్ళైకి ఏమి తెలుసో, ఏమి తెలియదో ఆయనకు తెలుసు. స్నేహితుడి ముందు గొప్పలు పోతే దొరికిపోతాం; విసుగు పుట్టిస్తే అతడు మొగమాటం లేకుండా చెబుతాడు. అందువల్ల వ్రాత తనంత తానే అదుపులో ఉంటుంది. పైగా ఆ స్నేహితుని వెనుక రేపు అదే బాటను నడవబోయే యాత్రికుడు కూడా లీలగా కనిపిస్తున్నాడు. అలసి మజిలీ చేరిన పూట కూడా కలం పట్టించినది ఆ బాధ్యతే అయి ఉండాలి. దిగవల్లి వేంకటశివరావు 1941లో ఈ గ్రంథాన్ని పరిష్కరించి మళ్ళీ వెలువరించాడు. నూరేళ్ళ తరువాత కూడా దానికి చదువరులు ఉన్నారన్నమాట. పిళ్ళై కోసం వ్రాసినది మనదాకా వచ్చింది. మన కోసమే వ్రాసి ఉంటే వచ్చేది కాదేమోనని నాకు అనుమానం.

తుష్నాబాద్‌లోని మన రచయితకు వీరాస్వామయ్యకు లేని సదుపాయం ఒకటి ఉంది. చెన్నై నుండి అండమాన్ దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున సముద్రగర్భంలో వేసిన కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. అంతకు ముందు ఉపగ్రహ సంబంధం మీదనే దీవులు ఆధారపడేవి. దానికి ముందైతే ఓడ తెచ్చిన ఉత్తరాలే దిక్కు. నేడు చేతిలోని ఫోనే అచ్చుయంత్రం. ఉదయం వ్రాసినది సాయంత్రానికి శ్రీకాకుళంలో చదువుతారు, డల్లాస్‌లోనూ చదువుతారు. ఎంతమంది చదివారో లెక్క కూడా వెంటనే కళ్ళ ముందుకు వస్తుంది. నా భయమంతా ఆ లెక్కతోనే. వక్కతోట గురించి వ్రాసిన రోజున పదిమంది, ఊరిలోని తగాదా గురించి వ్రాసిన రోజున వెయ్యిమంది చదివారని తెలిసిన మనిషి మూడవరోజున ఏమి వ్రాస్తాడు? ఏమి వ్రాస్తాడన్నది కొంత మేలు. మూడవరోజున అతని కన్ను ఏమి వెతుకుతుందన్నది అసలు సంగతి. పొరుగింట గొడవ వినిపించినప్పుడు ఆపడానికి లేచేవాడు, ఇప్పుడు వినడానికి కూర్చుంటాడు. మార్పు వ్రాతలో కంటే ముందు మనిషిలో వచ్చింది.

ఆ దీవులలో ఈ ప్రలోభం మరింత బలమైనది. 1858 మార్చి 10న రెండువందలమంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్‌లో - 2024లో ఆ పట్టణానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు - శిక్షాస్థావరం ఆరంభమైంది. రాజద్రోహ నేరం మోపబడినవారితోపాటు, హత్యలకూ దోపిడీలకూ ద్వీపాంతర శిక్ష పడినవారు తరువాతి దశాబ్దాలలో వేలాదిగా వచ్చారు. వారిలో కొందరు శిక్షాకాలంలో కొంత గడిచాక సేద్యానికి అనుమతి పొంది, అక్కడే పెండ్లిళ్ళు చేసుకుని స్థిరపడ్డారు. 1921 నాటి మలబారు తిరుగుబాటు తరువాత పంపబడిన మాప్పిళ్ళ కుటుంబాలు దక్షిణ అండమాన్ పల్లెలలో కుదురుకున్నాయి. జపాను ఆక్రమణ ముగిసిన తరువాత, 1945లో శిక్షాస్థావరం రద్దయింది. వారి సంతతివారు నేడు ఉపాధ్యాయులు, రైతులు, ఉద్యోగులు. ఫలానావారి ముత్తాత ఏ నేరం మీద వచ్చాడన్న కథ, అట్టి గ్రామాలలో వ్రాసే మనిషికి చేతికందిన సరుకు. దానికి చదువరులు కొల్లలుగా దొరుకుతారు.

అది వ్రాయవచ్చునా? దస్తావేజులలో ఉన్నది గదా, రహస్యమేముంది అని ఒక వాదం. చరిత్రకారునికి ఈ వాదం చెల్లుతుంది. ఆయన వందలాది కాగితాలు పరిశీలించి, ఆ శిక్షావిధానం ఎట్లా నడిచిందో చెప్పడానికి ఒక పేరును వాడుకుంటాడు. పక్కింటివాడు వ్రాసినప్పుడు అదే పేరు రేపు ఉదయం అంగడిలో ఎదురవుతుంది. ఆ ఇంటి పిల్ల బడిలో ఆ మాట వింటుంది. సమాచారం ఒకటే అయినా చేసిన పని ఒకటి కాదు. ఆ ఇంటి మనిషే తన ముత్తాత కథను తలెత్తుకుని చెప్పుకుంటే, దానిని మించిన రచన ఉండదు. అతడు చెప్పనంతవరకు అది అతనిదే.

దీనికి ఎదురుగా కందుకూరి వీరేశలింగం పంతులును చూపేవారుంటారు. 1874లో ‘వివేకవర్ధని’ని ప్రారంభించి, లంచగొండి ఉద్యోగులను, వేశ్యాలోలత్వాన్ని, బాల్యవివాహాలను పంతులు ఎండగట్టలేదా? చదువరులు ఆ పత్రిక కోసం ఎదురుచూచినదీ, కొందరు దానికి జంకినదీ అందుకే కదా? నిజమే. కాని లంచం తీసుకున్న ఉద్యోగి ఆ పని చేసినది ప్రజలిచ్చిన అధికారంతో. దానిని అడిగే హక్కు ప్రజలకు ఉంది. పంతులు తాను తిట్టిన లోకంలోనే నివసించి, 1881లో తొలి వితంతు వివాహం జరిపించి, వెలివేతను అనుభవించాడు. తన వ్రాతకు మూల్యం తానే చెల్లించినవాడు ఆయన. పక్కవాడు చెల్లించే మూల్యంతో పేరు తెచ్చుకోవడం వేరు.

అయినా అన్ని సందర్భాలనూ ఈ గీత ఇంత చక్కగా విడదీయదని ఒప్పుకోవాలి. తాగి వచ్చి భార్యను కొట్టే పొరుగువాని సంగతి ఇంటి విషయమా, ఊరి విషయమా? మౌనం వహిస్తే మర్యాద పేరిట అన్యాయానికి కాపలా కాసినట్లవుతుంది. వ్రాస్తే, దెబ్బలు తిన్న ఆమెకు రెండవ అవమానం జరుగుతుంది. ఇక్కడ చేయవలసిన మొదటి పని వ్రాయడం కాదని మాత్రం నిశ్చయంగా చెప్పగలను. తలుపు తట్టడం, అవసరమైతే పోలీసు ఠాణాకు పోవడం. అటుపిమ్మట వ్రాయాలా వద్దా అన్నది ఆమెను అడగాలి. ‘నా జీవితం, నా ఇష్టం’ అనే మాట ఇక్కడ నిలవదు. నా జీవితంలో నేనొక్కడినే లేను. తల్లి ఉంది, అన్నదమ్ములున్నారు, అప్పిచ్చినవాడున్నాడు. నా ఆత్మకథలో వారికి పాత్రలున్నాయిగాని, ఆ పాత్రలకు వారు ఒప్పుకున్న దాఖలా లేదు.

అయితే చదువరులు రారు కదా అని మన రచయిత నిరాశ పడవచ్చు. గిడుగు రామమూర్తి పంతులు 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రికను స్థాపించి వాడుకభాష కోసం నడిపాడు. అది ఎక్కువ కాలం సాగలేదు. చందాదారుల సంఖ్యే కొలబద్ద అయితే అది ఓడిపోయిన పత్రిక. నేను ఈ వ్యాసం వ్రాస్తున్న భాష, మీరు చదువుతున్న భాష, ఆయన పోరాడి గెలిపించినదే.

అట్లాగని ఎవరికీ చూపకుండా దాచుకోమనడం నా ఉద్దేశం కాదు. గురజాడ దినచర్యలు 1915లో ఆయన మరణించిన చాలాకాలానికి గాని అచ్చు కాలేదు. ఆయన గనుక అది చెల్లింది. అందరి పెట్టెలనూ ఎవరూ తెరవరు. చదువరి కోసం తలుపు తెరిచి ఉంచాలి. ప్రతివారం ఒకే రోజున వ్రాయడం, చెప్పిన మాటకు కట్టుబడడం, తప్పు అచ్చయితే మరుసటి వారం దిద్దడం, జవాబు వ్రాసినవారికి జవాబివ్వడం - ఇవన్నీ చదువరిని గౌరవించే పద్ధతులే. వీటివల్ల వచ్చేవారు నెమ్మదిగా వస్తారు, కాని వచ్చినవారు ఉంటారు.

మరి తుష్నాబాద్‌లో కూర్చుని వ్రాయడానికి ఏముందంటారా? 2004 డిసెంబరు 26 నాటి సునామీకి కారణమైన భూకంపంలో దక్షిణ అండమాన్ భూభాగం కుంగింది. సిప్పీఘాట్ ప్రాంతపు పొలాలు ఉప్పునీటి పాలయ్యాయి. ఆటుపోట్లకు నీరు ఎంతవరకు వస్తున్నదీ, ఏ మడి ఏ సంవత్సరం చవుడు బారినదీ, ఏ చెట్టు ముందు ఎండినదీ నెలనెలా వ్రాసి ఉంచిన గ్రామస్థుని పుస్తకం ఏదైనా ఉంటే, దాని విలువ ఎంత అని వ్యవసాయశాఖవారిని అడగవచ్చు. వక్కల ధర, మొదటివాన తేదీ, విశాఖ ఓడ ఎన్నిరోజులు ఆలస్యమైనది, ఇంట్లో పిల్లలు ఏ తెలుగు మాట మరచి దాని బదులు ఏ హిందీ మాట పట్టుకున్నారు - ఇవి ఎవరి పరువునూ తాకని సంగతులు. శ్రీకాకుళంలో ఉన్న మేనత్తకు ఉత్తరం వ్రాస్తున్నట్లు అతడు వీటిని వ్రాయవచ్చు. ఆమె చదివిన తరువాత పక్కింటివారికి చదివి వినిపిస్తుంది.