శత్రువు చెప్పిన సాక్ష్యం

స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బొప్పయ్య దేవయ్య 1965 సెప్టెంబరు 7న పాకిస్థాన్ గగనతలంలో ప్రాణాలు కోల్పోయారు. ఆయనకు మహావీర చక్ర ఇచ్చింది 1988లో. ఆయన ఏం చేశారో చెప్పగల మనిషి మన వైపు ఒక్కరూ లేకపోవడమే ఈ జాప్యానికి కారణం. ఒక మనిషి పరాక్రమాన్ని ప్రభుత్వం ఎలా గుర్తిస్తుంది, గుర్తించేవరకు ఆ పరాక్రమం ఎక్కడ ఉంటుంది అన్నది ఆలోచించడానికి ఇంతకంటే తగిన సందర్భం మన యుద్ధ చరిత్రలో అరుదు.

దేవయ్య 1932 డిసెంబరు 24న కొడగులో పుట్టారు. అజ్జమాడ ఆయన ఇంటిపేరు. కొడవలు కూడా తెలుగువాళ్లలాగే ఇంటిపేరును ముందు పెట్టుకుంటారు. ఫీల్డ్ మార్షల్ కరియప్పను, జనరల్ తిమ్మయ్యను ఇచ్చిన ఆ కొండసీమలో కుర్రాళ్లు సైన్యంలో చేరడం వింతేమీ కాదు. దేవయ్య 1954లో వైమానిక దళంలో పైలట్ అయ్యారు. 1965 యుద్ధం వచ్చేనాటికి కొత్తవాళ్లకు విమానం నడపడం నేర్పే శిక్షకుడిగా ఉన్నారు. అక్కడి నుంచి ఆయన్ను పంజాబ్‌లోని ఆదంపూర్ స్థావరంలో ఉన్న ఒకటో స్క్వాడ్రన్‌కు పంపారు. ఆ స్క్వాడ్రన్ విమానాలు ఫ్రాన్స్‌లో తయారైన మిస్టేర్‌లు.

సెప్టెంబరు 7 తెల్లవారుజామున పాకిస్థాన్ వైమానిక దళానికి ఆయువుపట్టు లాంటి సర్గోధా మీద దాడి చేయాలన్నది ఆజ్ఞ. మిస్టేర్‌కు అది ఇంధనం అంచుల్లో ఉన్న దూరం. వెళ్లి, బాంబులు వేసి, నేరుగా వెనక్కి రావాలి. దారిలో ఎవరితోనైనా కలబడితే ఇల్లు చేరడం అనుమానమే. వింగ్ కమాండర్ తనేజా నాయకత్వంలో పన్నెండు విమానాలు వెళ్లాలని నిర్ణయించారు. ఆ పన్నెండింటిలో దేవయ్య పేరు లేదు. ఎవరి విమానమైనా ఆగిపోతే ఆ స్థానంలో వెళ్లడానికి ఆయన అదనంగా సిద్ధంగా ఉన్నారు. ఒక విమానం తప్పుకుంది, ఆయన బయల్దేరారు.

తిరుగుదారిలో ఎదురైంది స్టార్‌ఫైటర్. అమెరికా నుంచి పాకిస్థాన్‌కు వచ్చిన ఈ విమానం ధ్వనికి రెట్టింపు వేగంతో పోగలదు. మిస్టేర్ మామూలుగా ఎగిరేటప్పుడు ధ్వని వేగాన్ని కూడా అందుకోలేదు. ఆ స్టార్‌ఫైటర్‌ను నడుపుతున్నది ఫ్లయిట్ లెఫ్టినెంట్ అమ్జద్ హుసేన్. ఆయన ఫిరంగి గుళ్లు దేవయ్య విమానానికి తగిలాయి. దాని పని అయిపోయిందనుకుని ఆయన మరో విమానం వైపు మళ్లారు. దెబ్బతిన్న మిస్టేర్ కూలలేదు, పారిపోనూ లేదు. తిరిగి వచ్చి స్టార్‌ఫైటర్‌తో తలపడింది. స్టార్‌ఫైటర్ రెక్కలు చాలా పొట్టివి, ఈ కొస నుంచి ఆ కొసకు ఏడు మీటర్లు కూడా ఉండవు. నిటారుగా దూసుకుపోవడంలో దానికి సాటి లేకపోయినా, నేలకు దగ్గరగా, తక్కువ వేగంలో చుట్టూ తిరుగుతూ పోరాడాల్సి వస్తే ఆ రెక్కలే దానికి భారం. శిక్షకుడైన దేవయ్యకు ఈ లెక్క తెలియకుండా ఉండదు. మిస్టేర్ గుళ్లకు స్టార్‌ఫైటర్ కూలింది. అమ్జద్ హుసేన్ పారాషూట్‌తో బయటపడ్డారు. దేవయ్య బయటపడలేదు.

ఆదంపూర్‌లో ఇవేవీ తెలియవు. ఒక విమానం తిరిగి రాలేదు, అంతే. రికార్డుల్లో దేవయ్య గల్లంతైన పైలట్‌గా మిగిలారు.

కాల్బలంలో ఒకడు తెగించి ముందుకు దూకితే పక్కనున్న పదిమందైనా చూస్తారు. ఫైటర్ పైలట్‌ది ఒంటరి సీటు. అతని వాదనకు రుజువు తోటి విమానం పైలట్ మాట, లేదా ఫిరంగితో పాటు తిరిగే కెమెరా ఫిల్ము. తోటివాళ్లు ముందుకు వెళ్లిపోయి, ఫిల్ము విమానంతో పాటు నేలకూలితే, జరిగినదానికీ జరగనిదానికీ తేడా చెప్పే కాగితం ఉండదు. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీదికి వచ్చిన ఆరు పాకిస్థాన్ సేబర్ విమానాలను ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ చిన్న నాట్ విమానంతో ఎదుర్కొన్నారు. ఆ పోరు సొంత స్థావరం పైనే జరిగింది. ఆయనకు మరణానంతరం పరమవీర చక్ర దక్కింది. వైమానిక దళానికి ఇప్పటికీ ఆ పతకం అదొక్కటే. సెఖోన్ తెగువను తక్కువ చేయడానికి కాదు గానీ, ఇద్దరి కథలకూ పెద్ద తేడా వాళ్ల గుండె ధైర్యంలో కంటే వాళ్లు పోరాడిన చోటులోనే ఉంది. మహావీర చక్ర నిబంధన ప్రకారం పరాక్రమం శత్రువు సమక్షంలో చూపినదై ఉండాలి. దేవయ్య విషయంలో శత్రువు తప్ప మరెవరి సమక్షమూ లేదు.

చివరికి నోరు విప్పింది ఆ శత్రుపక్షమే. బ్రిటిష్ రచయిత జాన్ ఫ్రికర్ పాకిస్థాన్ వైమానిక దళం సహకారంతో 1965 గగనయుద్ధం మీద రాసిన పుస్తకం 1979లో వచ్చింది. ఆ రోజు ఒక మిస్టేర్ చేతిలో స్టార్‌ఫైటర్ కూలిందని అందులో ఉంది. తన నష్టాన్ని తానే ఒప్పుకున్న సాక్ష్యానికి న్యాయస్థానంలో ఉండే బరువు దీనికీ ఉంది. ఆ మిస్టేర్ ఎవరిది? ఆ దళంలో తిరిగి రాని పైలట్ దేవయ్య ఒక్కరే. వైమానిక దళం విచారణ జరిపి ఆయన పేరును ఖరారు చేసింది. కూలిన పైలట్ అమ్జద్ హుసేన్ 1971 యుద్ధంలో అమృత్‌సర్ మీద మళ్లీ కూలి, ఈసారి భారత్‌కు యుద్ధఖైదీగా చిక్కారు. దేవయ్యను చూసిన ఆ మనిషి మన చేతిలోనే ఉన్నాడు. అడగాల్సిన ప్రశ్న ఒకటుందని అప్పటికి ఎవరికీ తెలియదు.

దేవయ్య ఎందుకు వెనక్కి తిరిగారన్న దానికి పలు జవాబులు చెప్పుకోవచ్చు. కారిపోతున్న ఇంధనంతో ఆదంపూర్ అందదని లెక్క వేసుకుని ఉండవచ్చు. వెనుక స్టార్‌ఫైటర్ ఉండగా సహచరులు క్షేమంగా వెళ్లలేరనుకుని ఉండవచ్చు. మొదటిదే నిజమైనా పతకం విలువ తగ్గదు. ఇల్లు చేరే దారి మూసుకుపోయాక పారాషూట్‌తో దూకి ఖైదీ కావడం కూడా గౌరవప్రదమైన దారే. దాన్ని వదులుకుని తనకంటే బలమైన విమానం మీదికి వెళ్లడం ఆయన ఎంపిక. ఎవరో చూస్తారని, చెబుతారని చేసిన పని కాదది. అందుకే కీర్తికాంక్ష అనే అనుమానానికి ఇక్కడ తావు లేదు. పతకాల చరిత్రలో అంత శుభ్రంగా తేలే సందర్భాలు ఎక్కువ ఉండవు.

1988లో ఆ పతకాన్ని ఆయన భార్య సుందరి అందుకున్నారు. యుద్ధ రికార్డులను మామూలుగా 25 ఏళ్లలోపు బయటపెట్టాలని భారత రక్షణ శాఖ 2021లో విధానం ప్రకటించింది. సరిహద్దుకు రెండు వైపులా ఆ పని నిజంగా జరిగితే, గల్లంతైనవారి జాబితాలో ఉండిపోయిన మరికొందరి గురించి వాళ్ల ఇంటివాళ్లు ఏదో ఒక పుస్తకం కోసం ఎదురుచూడాల్సిన అవసరం ఉండదు.